బూటు, పెట్టె, తాళం

ఇంగ్లీషు సాహిత్యం చదివే మన పిల్లలకు సిల్వియా ప్లాత్ ‘డాడీ’ని ‘కన్ఫెషనల్ కవిత్వం’ కింద పాఠం చెప్తారు. ఆ పేరు 1959లో రాబర్ట్ లోవెల్ ‘లైఫ్ స్టడీస్’ని సమీక్షిస్తూ ఎం.ఎల్. రోసెంతాల్ పెట్టింది. పేరు వినగానే కవయిత్రి తన బతుకును ఉన్నదున్నట్టు ఒప్పజెప్పిందనుకుంటాం. తండ్రి పోయేనాటికి ప్లాత్‌కి ఎనిమిదేళ్లు. కవితలో కూతురికి పదేళ్లు. తండ్రి చిన్నతనంలోనే జర్మనీ నుంచి అమెరికా వెళ్లి, తేనెటీగల జాతి మీద పుస్తకం రాసిన ప్రొఫెసరు, కవితలో నాజీ. ఇది వాంగ్మూలం కాదని పిల్లలకు ముందే చెప్పాలి.

కవిత మొదట్లో తండ్రి ఒక నల్ల బూటు, కూతురు అందులో ఇరుక్కున్న పాదం. నాకు ఈ పోలిక దగ్గర ప్లాత్ గొప్ప కవి అనిపిస్తుంది. బూటు ఎవరినీ కొట్టదు. పాదాన్ని కాపాడుతున్నట్టే ఉంటుంది. లోపల వెలుగు తగలక పాదం పాలిపోతుంది, చివరికి బూటు ఆకారమే తన ఆకారం అనుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల అదుపు, హాస్టల్లో అదుపు తెలిసినవాళ్లకు ఇంకో వివరణ అక్కర్లేదు.

తర్వాత కవిత బూటు వదిలి రైలెక్కుతుంది. కూతురు తనను నాజీ శిబిరాలకు తరలించిన యూదులతో పోల్చుకుంటుంది. ప్లాత్ యూదు కాదు. మాట్లాడేది కల్పిత పాత్ర అని ఆమె బీబీసీకి రాసిన పరిచయంలో చెప్పింది. విమర్శకులు దానిమీద ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నారు. పాత్రే అనుకుందాం. అయినా, అరవై లక్షల మంది చావు ఒక కూతురి కోపాన్ని మోసే బండి అయింది కదా! ఈ తగువు మనకు దూరందేమీ కాదు. పట్నంలో ఒంటరితనం గురించి రాసేవాళ్లకు ‘అడవి బిడ్డ’ ఎంత సులువుగా దొరుకుతాడో చూస్తున్నాం. ముంపుకు పోయిన ఊరు ఎవరిదో విరహానికి పోలికవుతుంది. పోలిక అయ్యాక ఆ ఊరి పేరు ఎవరూ అడగరు.

అందుకే ‘డాడీ’ పక్కనే ‘ద అరైవల్ ఆఫ్ ద బీ బాక్స్’ పెట్టి చదివించమంటాను. రెండూ 1962 అక్టోబరులో రాసినవే. తాళం వేసిన పెట్టెలో తేనెటీగలు వచ్చాయి. చెట్టు మీదో కొండ చరియ మీదో పట్టు చూసిన మనవాళ్లకు పెట్టెలో ఈగలంటేనే వింత. ఇక్కడ మాట్లాడే మనిషి బందీ కాదు, యజమాని. తిప్పి పంపొచ్చు, తిండి పెట్టకుండా చంపొచ్చు. లోపలి రొదకు భయపడుతూనే చెవి పెట్టి వింటుంది. ఆ ఈగలను చూస్తే ఆమెకు ఎగుమతికి సిద్ధం చేసిన ఆఫ్రికన్ల చేతులు గుర్తొస్తాయి. మళ్లీ అరువే. కానీ ఈసారి ఆమె నిలబడ్డది తాళంచెవి ఉన్న వైపు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే ఈ అరువు ఆమెనే పట్టిస్తుంది. అలాగని ఆ నల్ల చేతులకు కవితలో ముఖాలు లేవు, గుంపుగానే మిగిలాయి. టీచర్లు అక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

రేపు వదిలేస్తానంటుంది ఆమె. పెట్టె ఇంకా మూసి ఉండగానే కవిత అయిపోతుంది.