రెక్కలకు కట్టిన కప్పం

ఓ గబ్బిలమా, పాలిచ్చి పెంచే జీవాల్లో రెక్కలాడించి ఎగరగలిగింది నువ్వొక్కదానివే. ఆ వరం నీకు ఊరికే రాలేదు. ఎగిరినంతసేపూ నీ ఒళ్లు కుంపటి, గుండె నిమిషానికి వందల సార్లు కొట్టుకుంటుంది. ఆ వేడికి కణాల్లో డీఎన్ఏ తునకలై రాలుతుందంటారు. మా ఒంట్లో అలా రాలితే కాపలా కణాలు శత్రువొచ్చాడని గోల పెడతాయి. వాపు, మంట, జ్వరం. నువ్వు ఆ గోలను అణిచావు. ఆ గోల రేపే స్టింగ్ అనే ప్రోటీన్‌లో 358వ చోట ఉండాల్సిన సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని వదిలేశావు. ఎగరడానికి చేసుకున్న ఆ సర్దుబాటులోనే వైరస్‌కూ చోటు దొరికింది. అది నిన్ను చంపదు, నువ్వు దాన్ని పూర్తిగా తరమవు. ఆ గోల లేకనేమో, సైబీరియాలో ఏడు గ్రాముల నీ చుట్టం ఒకటి 41 ఏళ్లు బతికింది! ఎలుకకు మూడేళ్లే ఎక్కువ.

నువ్వు ఇంట్లో దూరితే అశుభమంటాం. కవి జాషువా మాత్రం 1941లో తన మొర శివుడికి చేర్చమని నిన్నే పంపాడు. అంటరానివాడని గుడిలోకి తనకు లేని దారి నీకుంది మరి.

మలేసియాలో పందుల దొడ్ల పక్కనే మామిడి నాటారు. నువ్వు పండు కోసమే వచ్చావు. నువ్వు కొరికి వదిలిన ముక్క పంది తిని ఉంటుంది. 1998లో పందుల్ని సాకినవాళ్లు మంచం పట్టారు. సుంగై నిపా అనే ఊరి పేరే వాళ్లకు సోకిన వైరస్‌కు పెట్టారు.

బంగ్లాదేశ్‌లో చలికాలం ఈత చెట్టు గీసి, మనవాళ్లు కల్లుకు కట్టినట్టే కుండ కడతారు. రాత్రి నువ్వొచ్చి గాటు నాకుతావు, కుండలోనే ఉచ్చ పోస్తావు. తెల్లారి ఆ రసాన్ని పచ్చిగానే తాగుతారు. అక్కడ నిపా సోకిన పదిమందిలో ఏడుగురు దక్కడం లేదు. గాటు చుట్టూ వెదురు తడిక కడితే నీ నాలుక అందదు. అంత చిన్న పని!

ఆస్ట్రేలియాలో నీకు చలికాలం తేనెనిచ్చే చెట్లు కొట్టేశారు. ఆకలితో ఊళ్లలోకి, గుర్రాలు మేసే బీళ్లలోకి దిగావు. కడుపు మాడినప్పుడే నీ నుంచి వైరస్ ఎక్కువ రాలింది. హెండ్రా అనే ఆ వైరస్ గుర్రాలకు పాకింది, గుర్రాల నుంచి మనుషులకు. మిగిలిన యూకలిప్టస్‌లు విరగబూసిన చలికాలాల్లో గుంపులుగా అటు మళ్లావు, ఆ చలికాలాల్లో అక్కడి గుర్రాలకు నీ జబ్బు రాలేదు. తాగు తల్లీ, ఆ పూల మీదే వాలి కడుపారా తాగు.