మన్యం కొండల్లో వెలుతురు

తూర్పు కనుమల్లో ఫొటోలు తీసేవారి పని ఎక్కువగా గాలితోనే ఉంటుంది. అనంతగిరి నుంచి అరకు, పాడేరు, లంబసింగి మీదుగా మారేడుమిల్లి దాకా సాగే మన్యం కొండలు ఎత్తుతో అబ్బురపరిచేవి కావు. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. చుట్టూ ఉన్న పెద్ద శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే. అడవి కప్పిన ఈ గుండ్రటి కొండలు మిట్టమధ్యాహ్నం ఎండలో పచ్చరంగు వేసిన గోడల్లా చదునుగా కనిపిస్తాయి. ఉదయం గాలిలో కాస్త తేమ ఉంటే అవే కొండలు ఒకదాని వెనక ఒకటిగా, దూరం పెరిగేకొద్దీ పలచబడుతూ, ఐదారు వరుసలుగా విడిపోతాయి. కొండ ఎక్కడికీ పోదు. దాని మీద పడే వెలుతురును గాలిలోని తేమ, దుమ్ము, పొగ ఏ రోజుకా రోజు మార్చేస్తాయి. కాబట్టి ఈ విద్యలో సగం వాతావరణాన్ని ముందుగా చదవగలగడమే.

చలికాలపు పొగమంచు ఇందులో మొదటి పాఠం. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయలో చేరుతుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. మామూలుగా ఎత్తుకు వెళ్లేకొద్దీ చలి పెరగాలి. ఆ తెల్లవారుజామున మాత్రం లోయలో చలి ఎక్కువ, గట్టు మీద తక్కువ. లోయలోని తేమ సన్నటి నీటి బిందువులుగా మారి పొగమంచవుతుంది. వెచ్చటి పొరను దాటలేదు కనుక దాని పైభాగం సమంగా ఉంటుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి జనం చూసే మేఘాల సముద్రం చాలా రోజుల్లో ఇదే. ముందు రోజు వాన పడి, రాత్రికి ఆకాశం తేటపడి, గాలి స్తంభిస్తే మరుసటి ఉదయం మంచు దాదాపు ఖాయం. రాత్రంతా మబ్బు కమ్మినా, గాలి వీచినా చీకట్లో కొండెక్కిన శ్రమ వృథా. ఈ మూడు విషయాలూ రాత్రి పదింటికే గమనించవచ్చు.

మంచు ఉన్నా సమయం తక్కువ. అరకు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా పైకి వస్తాడు. డిసెంబరులో సైతం క్షితిజం నుంచి 6 డిగ్రీల ఎత్తుకు చేరడానికి అరగంటకు మించి పట్టదు. బంగారు రంగు వెలుతురు అంతసేపే. అదే నెలలో స్కాట్లండ్ కొండల్లో ఆ 6 డిగ్రీలకు గంట దాటుతుంది. అక్కడివారి పుస్తకాలు చదివి, తీరిగ్గా ట్రైపాడ్ బిగించుకుంటూ కూర్చుంటే ఇక్కడ పొద్దెక్కిపోతుంది. లోయలో ఉన్నవారికి ఇంకో చిక్కుంది. తూర్పున ఉన్న గట్టు 10 డిగ్రీల ఎత్తు కనబడితే సూర్యోదయం అయిన ముప్పావు గంటకు గానీ లోయలోకి నేరుగా ఎండ రాదు. వచ్చేది అప్పటికే తెల్లబడ్డ ఎండ. అందుకే కొండ పైన ఉన్నవారికి బంగారు వెలుగు, కింద ఉన్నవారికి నీలి నీడ. ఆ నీడ కూడా పనికొచ్చేదే; ఆటో వైట్ బ్యాలెన్స్‌కు వదిలేస్తే కెమెరా ఆ నీలాన్ని తుడిచిపెట్టేస్తుంది. పగటి వెలుతురు సెట్టింగులో ఉంచితే చలి చలిగానే కనిపిస్తుంది.

ఇలాంటి గట్ల మీద అందరి కెమెరాలూ తూర్పుకే తిరిగి ఉంటాయి. ఒకసారి వెనక్కి తిరగడం మంచిది. పడమటి వైపు కొండల మీద ఎండ తిన్నగా పడుతుంది, మంచు మీద గట్టు నీడ సాగుతుంది. మంచు దగ్గరగా ఉన్నప్పుడు చూసేవారి తల నీడ చుట్టూ రంగుల వలయం కూడా ఏర్పడవచ్చు. దానికి సూర్యుడు వీపు వెనకే ఉండాలి. తూర్పుకు చూస్తూ నిలబడ్డవారికి అది కనబడే అవకాశమే లేదు.

ఎక్స్‌పోజర్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కెమెరా మీటరు తన ముందున్నది మధ్యస్థమైన బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది. తెల్లటి మంచును దానికి వదిలేస్తే మురికి రంగులో వస్తుంది. ఒక స్టాప్ పెంచితే తెలుపు తెలుపుగా నిలుస్తుంది. సూర్యుడు ఫ్రేములో ఉంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు హిస్టోగ్రామ్ చూసుకుని తగ్గించాలి. రా ఫైలులో తీసుకుంటే తర్వాత సర్దుకునే వీలు ఎక్కువ.

నవంబరులో అరకు చుట్టుపక్కల చేలల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూస్తాయి. మన్యం ఫొటోల్లో సగం వాటివే. అదే చేను, అదే భంగిమ, ఏటేటా అదే ఫొటో. ఆ చేలు గిరిజన రైతుల పంట. అడగకుండా దిగి తొక్కితే నష్టం వారికే. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి పోడు మంటల పొగ, దుమ్ము కలిసి ఆకాశాన్ని తెల్లగా చేస్తాయి. దూరపు దృశ్యాలకు అది కాలం కాదు. అయితే సాయంత్రం సూర్యుడు ఎర్రటి బిళ్లగా, కన్ను ఓర్చుకోగలిగినంత మెత్తగా దిగేది అప్పుడే.

జూన్ నుంచి మబ్బు కొండ మీదికే దిగుతుంది. ఫొటో తీసేవారు మబ్బు లోపలే ఉంటారు కనుక చాలా గంటలు ఏమీ కనబడదు. ఓపిక ఉన్నవారికి నిజమైన కాలం ఇదేనని చెప్పాలి. వాన ఆగి మబ్బు చీలిన కాసేపటికి కడిగిన గాలిలో ఆకు ఆకూ విడిగా కనబడుతుంది. ఒక్క వాలు మీద మాత్రమే ఎండ పడి, మిగతాదంతా సీసం రంగులో ఉంటుంది. చలికాలపు మంచులో ఎవరు తీసినా కాస్తో కూస్తో అందం వస్తుంది, ఇక్కడ నిలబడి కాచుకున్నవారికే దక్కుతుంది. వేసవి చివరి ఉరుముల వానలతో మాత్రం సాహసం వద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 3 సెకన్లు గడిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. ఆ వ్యవధి 30 సెకన్లకు తగ్గేలోపే ట్రైపాడ్ మడిచి గట్టు దిగాలి.

జంతువుల విషయానికొస్తే కొండ వాలు ఇచ్చే సాయం మైదానంలో దొరకదు. మైదానంలో చెట్టు కింద నిలబడితే పక్షి పొట్ట, దాని వెనక తెల్లటి ఆకాశం తప్ప ఏమీ రావు. వాలు మీద పైనున్న దారిలో నిలబడితే కింది చెట్టు కొమ్మలు కంటికి సమానంగా ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, బూరుగ పూసినప్పుడు తేనె కోసం తేనెపిట్టలు, గోరింకలు, ఏట్రింతలు పొద్దున్నే ఆ కొమ్మలకు చేరతాయి. పూసిన చెట్టును ముందు రోజే చూసుకుని, ఎండ ఏ వైపు నుంచి పడుతుందో లెక్కగట్టి, పక్షుల కంటే ముందే కూర్చోవాలి. వెంటపడితే ఎగిరిపోతాయి. బెట్టుడుత ఉదయం, సాయంత్రం చెట్ల పైకొమ్మల్లో తిరుగుతుంది. మధ్యాహ్నం కొమ్మ మీద సాగిలబడి పడుకుంటుంది. గుబురు కింద వెలుతురు బాగా తక్కువ. ఐఎస్‌ఓ పెంచి కాస్త గరుకును ఒప్పుకోవడమే మేలు, షటర్ తగ్గిస్తే కదలికకు బొమ్మ అలుక్కుపోతుంది.

పొడవాటి లెన్సుతో పక్షి కన్ను, ఈక తప్ప ఏమీ లేకుండా తీయడం ఇప్పటి అలవాటు. అలాంటి ఫొటో జంతుప్రదర్శనశాలలో తీసినా అలాగే ఉంటుంది. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ నలుపు-తెలుపులోనే వన్యప్రాణులను తీశారు. స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుంచి 1996లో కన్నుమూసేదాకా ప్రకృతి మీద కాలమ్ రాశారు. జంతువును దాని చోటులో చూడటం ఆయన రాతకూ బొమ్మకూ ఆధారం. ఫ్రేములో పదో వంతు ఉన్న అడవికోడి, దాని వెనక మంచు, కాఫీ తోట మీద నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కలిసి ఇది ఏ కొండో, ఏ నెలో చెబుతాయి. విశాఖ కనుమల పక్షుల మీద కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీహ్లర్ చేసిన అధ్యయనం 1980ల చివర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. అలాంటి పనికి కొనసాగింపుగా నిలవాలంటే ఫొటోకు తేదీ, చోటు, చెట్టు పేరు రాసి ఉండాలి.

పరికరాలకు తేమే శత్రువు. లంబసింగి చలిలో తిరిగిన కెమెరాను వెచ్చటి గదిలోకి తేగానే అద్దం మీద చెమ్మ పడుతుంది. గదిలోకి రాకముందే గాలి చొరబడని సంచిలో మూసి, గది వేడికి చేరాకే తీయాలి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. రెండోది లోపలి జేబులో ఉంచుకోవాలి.

అభయారణ్యాల్లో, జాతీయ ఉద్యానవనాల్లో ఫొటోలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అటవీశాఖ అనుమతి కావాలి. డ్రోన్ ఎగరేయడం, రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను రప్పించడం, గూటి చుట్టూ ఆకులు తెంపడం మానుకోవాలి. ఫోనుతో తీసిన ఫొటోలో చాలాసార్లు జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి. గూడు ఉన్న ఫొటోను ఎవరికైనా పంపే ముందు వాటిని తీసేయండి.