తెరమీద ఎవరికి చోటు?

ఢిల్లీలోని బేర్ సరాయ్ పుస్తక దుకాణాలు సివిల్ సర్వీసు అభ్యర్థులకు చిరపరిచితాలు. అక్కడి గ్రంథాలతో కుస్తీ పట్టినవారికి ‘భిన్నత్వంలో ఏకత్వం’ అనే మాట కంఠోపాఠం. అయితే పదేళ్ల పిల్లవాడు దాని అర్థమడిగితే గ్రంథ పాండిత్యం అక్కరకు రాదు. ఆ పని సినిమా చేయగలదా అన్నది ఆలోచించదగిన విషయం.

పాఠశాల వార్షికోత్సవంలో ఏటా రాజు వేషం ఒకడికే, భటుడి వేషం మరొకడికే దక్కుతుంటే, తనకు అంతే తగునని రెండవవాడు అనుకుంటాడు. వాడికి అంతే తగునని మొదటివాడూ నమ్ముతాడు. పిల్లలకు ఈ పోలిక చెబితే సినిమా సంగతి సులువుగా బోధపడుతుంది.

గూడవల్లి రామబ్రహ్మం 1938లో చలం కథ ఆధారంగా ‘మాలపిల్ల’ తీసి, అస్పృశ్యతను తెరమీద ప్రశ్నించారు. నాయిక పాత్రను నాటి ప్రసిద్ధ తార కాంచనమాల ధరించారు. అణగారినవారికి కథలో చోటు దొరికింది. ఆ కథను నటించడంలో, చెప్పడంలో వారికి చోటు దొరకడం వేరొక మెట్టు.

ఎనభై ఏళ్ల తరువాత, 2018లో, వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’లో విశాఖపట్నంలోని ఆ పేటవాసులే అత్యధిక పాత్రలు ధరించారు. తెలుగు సినిమా చాలాకాలం నవ్వులకే పరిమితం చేసిన ఉత్తరాంధ్ర యాస ఇక్కడ ప్రేమకూ దుఃఖానికీ భాష అయింది. ఒడిశా నుంచి వచ్చిన అధికారిణికీ, ఆమె కార్యాలయంలోని అటెండరుకూ మధ్య స్నేహం చిగురిస్తుంది. వేర్వేరు మతాల, వయసుల మనుషుల నాలుగు కథలు చివరికి ఒకే మనిషి జీవితమని తేలుతుంది. గ్రంథాల్లోని మాట అక్కడ అనుభవంగా మారుతుంది.

అయినా లోపం లేకపోలేదు. అతని జీవితంలోకి వచ్చి వెళ్లిన ముగ్గురు స్త్రీల కథను చిత్రం వారి వైపు నుంచి చెప్పదు. అందరినీ కలుపుకొన్న కథలో కూడా చూపు పురుషుడిదే.

చిత్రంలోని అన్ని ఘట్టాలూ చిన్నపిల్లలకు తగినవి కావు. బడిపిల్లవాడు సుందరం కథను మాత్రం వారితో కలిసి చర్చించవచ్చు. ఈ కథ సునీత చెబితే ఎలా ఉండేదని ఉపాధ్యాయుడు అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన పిల్లలు, వచ్చే వార్షికోత్సవంలో రాజు వేషం ఈసారి ఎవరికని తప్పక అడుగుతారు.