“మతమార్పిడి” – శబ్దవిచారము

క్రైస్తవమతప్రవేశమును దెలుపుటకు నేడు మనవారు “మతమార్పిడి” యను నొక్క మాటనే విరివిగా వాడుచున్నారు. ఈ మాట యర్థమును దెలుపుటకంటె మఱుగుపఱచుటయే యెక్కువయని నా యభిప్రాయము.

“మాఱు” అకర్మకము, “మార్చు” సకర్మకము. ఒకడు క్రైస్తవుడుగా మాఱెనన్నచో కర్త వాడే. వానిని మార్చిరన్నచో కర్తలితరులు, వాడు కర్మ. “మార్పిడి” యనగానే యీ భేదము నశించును. పైగా వస్తువుల మార్పిడియందువలె నొకటి యిచ్చి వేఱొకటి గొన్నట్లు స్ఫురించును.

తెలుగు బైబిలు ననువదించినవా రిచ్చట వివేకము చూపిరి. అంతఃకరణము మాఱుటకు “మారుమనస్సు” అనిరి. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయమున అన్యజనులు దేవునివైపు “తిరిగిన” ట్లు వ్రాసిరి. మత్తయి 23వ అధ్యాయమున పరిసయ్యులను నిందించు చోట మాత్రము “కలుపుకొను” అను క్రియను గ్రహించిరి. అచ్చటి గ్రీకు పదమునకు “వచ్చి చేరినవాడు” అని వ్యుత్పత్తి. అట్టివానిని “చేయుట” మూలార్థము. కులములో కలుపుకొనుట యను మన నానుడియందు లోపలివారే కర్తలు గాన నీ మాట యచ్చట తగియున్నది.

ఈ భేదము వట్టి వ్యాకరణచర్చ గాదు. కోయిలకుంట్ల, ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతములయందు 19వ శతాబ్ది యుత్తరార్ధమున ఎస్. పి. జి. మిషను పనిచేసెను. అందు చేరినవారిలో పెక్కండ్రు మాలలు. ఒంటరిగా గాక కుటుంబములుగా చేరిరి. వారు “మార్చబడి” రని వ్రాయు చరిత్రకారుడు వారి నిర్ణయమును తుడిచివేయును. “మాఱి” రని మాత్రమే వ్రాయువాడు మిషను ప్రయత్నమును విడుచును. “మతము పుచ్చుకొని” రనినచో ఇచ్చువాడు స్ఫురించును, కర్తృత్వము మాత్రము పుచ్చుకొన్నవానియందే నిలుచును. ఇంత పొందికైన నానుడి మనకుండగా దానిని విడుచుట యేల?

న్యాయస్థానమునందును ఈ క్రియాభేదమే ప్రధానమైనది. రాజ్యాంగము 25వ అధికరణమునందలి మతప్రచార స్వాతంత్ర్యమున నన్యుని తన మతమునకు మార్చు హక్కు చేరదని 1977లో స్టానిస్లాస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతఃకరణస్వాతంత్ర్యము ప్రతివానికి గలదనియు ఆ తీర్పే పలికెను. మొదటిది “మార్చు” నకు హద్దు. రెండవది “మాఱు” నకు రక్ష. రెంటిని “మతమార్పిడి” యని యొక్కటిగా ననువదించిన, మార్చువానికి పెట్టిన హద్దు మాఱువాని మెడకు చుట్టుకొనును.

కావున కర్త తానైనచోట “మతము పుచ్చుకొనుట”, ఇతరులైనచోట “కలుపుకొనుట” యని వాడుట మేలు. ఎవరు చేసిరో తెలియకుండ నేమి చేసిరో తీర్పు చెప్పుట పండితులకు తగదు.