అవసరములు - ఆకాంక్షలు

కర్మాగారమునకు గాని, గనికి గాని పథకము వేయునప్పుడు మొట్టమొదట వ్రాయవలసినది అవసరముల పత్రము. ఏమి, ఎంత, ఏ పరిస్థితులలో కావలెనో అది చెప్పవలెను. ఇట్టి పత్రములలో పెక్కింటికి గల ప్రధానలోప మేమనగా, అవి అవసరమునకు బదులు ఆకాంక్షను ప్రకటించును. "నాణ్యమైన బొగ్గు", "నిరంతర విద్యుత్తు" అను మాటలు వినుటకు ఇంపుగనే యుండును. కొలుచుటకు మాత్రము వీలుపడవు.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండము ఎరువుల కర్మాగారమును తీసికొందము. బొగ్గునుండి యూరియా చేయుటకు భారత ఎరువుల సంస్థ నెలకొల్పిన ఆ కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడినది. సింగరేణి బొగ్గు పొరుగుననే ఉన్నను, విద్యుత్తు అంతరాయములు, యంత్రముల చిక్కులు దానిని వెన్నాడినవి. ఆనాటి పత్రములను తప్పుపట్టుట ఇచట ఉద్దేశము కాదు; పాఠము నేర్చుకొనుటయే ఉద్దేశము.

"బొగ్గు సమీపమున లభించును" అనునది నిజమే గాని సగము మాట. బొగ్గును వాయువుగా మార్చు కొలిమికి కావలసినది కర్బనము. దానితో వచ్చునది బూడిద. నూటికి ఎన్నిపాళ్ల బూడిదవరకు కొలిమి సహించును? ఆ బూడిద ఎంత వేడిమికి కరగును? కరెంటు ఎన్ని నిమిషములు ఆగినచో పని స్తంభించును? మరల ప్రారంభించుటకు ఎన్ని గంటలు పట్టును? వీనికి అంకెలతో జవాబున్నప్పుడే అది అవసరము.

రెండవ లోపము, సాధనమునే అవసరముగా వ్రాయుట. రైతునకు కావలసినది యూరియా. బొగ్గు దానికొక సాధనము. 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త కర్మాగారము గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువుతో నడచును, సాలుకు 12.7 లక్షల టన్నులు దాని సామర్థ్యము. అవసరము అదే, సాధనము మారినది. స్వదేశపు బొగ్గును వాడుటయే ఆశయమైనచో, అది దోషము కాదు. దానిని వేరుగా, కారణముతో సహా వ్రాయవలెను. అప్పుడు దాని వెల యెంతో అందరికిని తెలియును.

మూడవది, షిఫ్టులో యంత్రము నడుపువానిని అడుగకుండ వ్రాయుట. కరెంటు పోయినప్పుడు ముందు ఏ కవాటము మూయవలెనో అతనికి తెలిసినట్లు కార్యాలయమున కూర్చున్నవారికి తెలియదు.

2018లో సవరింపబడిన అంతర్జాతీయ ప్రమాణము 29148 కూడ ప్రతి అవసరమును పరీక్షకు నిలుచునట్లు వ్రాయుమనుచున్నది. యంత్రమును అప్పగించు దినమున ఒక్కొక్క వాక్యమును చదివి, నెరవేరినదా లేదా అని తనిఖీదారు తేల్చి చెప్పగలుగవలెను. అట్లు తేల్చలేని వాక్యమును సంతకమునకు ముందే దిద్దవలెను. కాగితముపై దిద్దుటకు కావలసినది ఒక కలము. కట్టిన పిమ్మట దిద్దుటకు కోట్లు చాలవు.