జున్నులో దూడ వాటా

ఆవు, గేదెల మాయ నిర్మాణం తల్లి రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్లను కడుపులోని పిల్లకు చేరనివ్వదు కనుక, దూడ దాదాపు ఏ రక్షణా లేకుండానే నేలమీద పడుతుంది. ఆ లోటును తీర్చేవి తొలి జున్నుపాలు. వాటిలోని ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే రోగక్రిములను పట్టి అడ్డుకునే పెద్ద ప్రొటీన్లు, అరిగి ముక్కలు కాకుండా పేగు గోడ దాటి రక్తంలో కలిసే వీలు పుట్టిన తొలి గంటలకే పరిమితం. మొదటి ఆరు గంటల్లో బాగా సాగే ఈ శోషణ క్రమంగా సన్నగిల్లి, 24 గంటలు తిరిగేసరికి ఇంచుమించు ఆగిపోతుంది. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదలని అలవాటు తెలుగు పల్లెల్లో ఇంకా అక్కడక్కడ ఉంది. మాయ పడటానికి ఒక్కోసారి పది పన్నెండు గంటలు పడుతుంది, అంతసేపు ఆగి మర్నాడు ఎన్ని జున్నుపాలు పట్టినా పోయింది పోయినట్టే. ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచే ఆనవాయితీ ముచ్చటైనదే గానీ, దూడ బరువులో పదో వంతు పాలు దాని కడుపులో పడ్డాకే ఆ గిన్నెలు గడప దాటాలి.

ఆ వయసులో నాలుగు అరల పొట్టలో నిజంగా పనిచేసేది నాలుగోదైన అబొమాసమ్ ఒక్కటే. తాగిన పాలు అన్నవాహిక చివర ఏర్పడే గాడి గుండా నేరుగా అక్కడికే చేరతాయి. పేగులో పాలచక్కెరను విడగొట్టే లాక్టేజ్ పుష్కలంగా ఉన్నా, పిండిపదార్థాలను అరిగించే ఎంజైములు స్వల్పం, పంచదారను విడగొట్టేదైతే దాదాపు లేనే లేదు. కాబట్టి పాలు మిగుల్చుకుందామని తీపి గంజి తాగించడం పారుడును కొనితెచ్చుకోవడమే.

వయసు మీరితే మళ్లీ రాని అవకాశం జున్నుపాలదైతే, నెమరుకు ఆధారమైన పెద్దపొట్ట సంగతి వేరు: వయసు వచ్చినంత మాత్రాన అది తయారు కాదు. 1950లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దూడల పెద్దపొట్టలో ప్లాస్టిక్ స్పాంజీలు పెట్టి చూసినప్పుడు, దాని పరిమాణమూ కండా పెరిగాయి గానీ, లోగోడ మీద పోషకాలను పీల్చుకునే సన్నని మొలకలవంటి పాపిల్లాలు ఎదగలేదు. దాణా అక్కడ పులిసినప్పుడు పుట్టే బ్యూటిరిక్, ప్రొపియోనిక్ ఆమ్లాలే వాటిని పెంచుతాయి. పాలతోనే మూడు నెలలు గడిపిన దూడలో ఆ గోడ ఇంకా నున్నగానే కనిపిస్తుంది. అందుచేత రెండో వారం నుంచే దూడ ముందు పిడికెడు దాణా, శుభ్రమైన నీళ్లు ఉంచాలి. ముట్టకపోతే మర్నాడు పాతది తీసి కొత్తది పెట్టాలి.