కంటిని నమ్మని చదువు

బీఏలో సైకాలజీ తీసుకున్నానంటే మా కొత్తవలసలో రెండు ప్రశ్నలు ఎదురయ్యేవి. "అయితే నా మనసులో ఏటుందో చెప్పు చూద్దాం" అనేవాళ్లు స్నేహితులు. "చినవాల్తేరులో ఉద్యోగమొస్తాదా?" అనేవారు పెద్దలు. విశాఖ మానసిక వైద్యశాల ఉన్న ఆ పేట పేరే ఉత్తరాంధ్రలో పిచ్చికి మారుపేరయిపోయింది. ఎదుటివాళ్ల మనసు సంగతి తర్వాత, ముందు నీ కంటిని నమ్మకు అంటుంది ఈ చదువు.

ప్రాక్టికల్స్‌లో అది బాగా తెలిసొస్తుంది. ముల్లర్-లయర్ పట్టీ మీద రెండు గీతలుంటాయి. ఒకదాని కొసలకు బాణం మొనలు, రెండోదాని కొసలకు బయటికి విచ్చుకున్న రెక్కలు. సమానంగా ఉన్నా రెక్కల గీతే పొడవనిపిస్తుంది. పట్టీని జరిపి, రెండూ సమానమనిపించిన చోట ఆపమంటాం. వెనకున్న స్కేలు తేడా ఎన్ని మిల్లీమీటర్లో చెప్పేస్తుంది. జరిపే దిశ కూడా తీర్పును వంచుతుంది కాబట్టి లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి మార్చి మార్చి జరిపించి సగటు కట్టాలి. గుట్టంతా తెలిసినవాడు కూర్చున్నా కన్ను మళ్లీ మోసపోతుంది. తెలిసినంత మాత్రాన భ్రమ పోదు. అందుకే కొలత కావాలి.

ఆర్ట్స్ గ్రూపు కదా, లెక్కల బాధ తప్పిందనుకుని చేరినవాళ్లు స్టాటిస్టిక్స్ దగ్గర కంగుతింటారు. ఆ లెక్కలు లేకపోతే మాత్రం సైకాలజీకీ సోదికీ తేడా ఉండదు.

దీనికి మన విశాఖలోనే మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1960ల చివర్లో సైకాలజీ, పారాసైకాలజీ శాఖను నెలకొల్పిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అతీంద్రియ శక్తులను పరీక్షించిన జె.బి. రైన్‌తో పనిచేశారు. రైన్ పరీక్షలో 5 రకాల గుర్తులతో 25 కార్డులుంటాయి, చూడకుండా ఏ కార్డు మీద ఏ గుర్తుందో చెప్పాలి. కళ్లు మూసుకుని ఊహించినా సగటున 5 సరిపోతాయి. 7 చెప్పినవాడికి దివ్యదృష్టి ఉందనడానికి ఒక్క ఆట చాలదు, వందల ఆటలు కావాలి. అతీంద్రియ శక్తులను ప్రధాన స్రవంతి శాస్త్రం ఒప్పుకోలేదు. ఆ వాదం నెగ్గినా ఓడినా అది తేలాల్సింది లెక్కలోనే. "మొహం చూసి మనిషిని చెప్పేస్తాను" అనేవాళ్లు ఇంతటి పరీక్షకు ఎప్పుడూ కూర్చోరు.

ఇక డిగ్రీ చేతికొచ్చాక బోర్డు పెట్టేసేవాళ్ల సంగతి. మూడేళ్ల బీఏ వైద్యం చేయడానికి అర్హత కాదు. మందులు రాసేది ఎంబీబీఎస్ మీద సైకియాట్రీ చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, అక్కడ రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలింగ్‌కు వెళ్లేవాళ్లు మొహమాటపడకుండా ఆ వివరాలు అడగాలి. డబ్బు లేదనో, నలుగురికీ తెలుస్తుందనో జంకేవాళ్లకు కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ ఇంట్లో పిల్లో పిల్లాడో ఇంటర్ అయ్యాక సైకాలజీ చదువుతానంటే వద్దనకండి. "నీ నమ్మకం తప్పని లెక్క తేలిస్తే మార్చుకోగలవా?" అని మాత్రం అడగండి. మార్చుకోగలనంటే ధైర్యంగా చేర్పించండి.